యల్లాప్రగడ సుబ్బారావు : ఔషధం నడిచిన దారి

సిద్దిపేట జిల్లాలోని నారాయణరావుపేట వంటి ఊరిలో గర్భవతియైన స్త్రీ ఆరోగ్య ఉపకేంద్రానికి వెళితే, అక్కడి నర్సమ్మ ఆమె చేతిలో మాత్రల పట్టీ ఒకటి పెట్టి, రోజుకొకటి చొప్పున మింగమని చెప్పి పంపుతుంది. ఆ మాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. దాని పరిమాణం అర మిల్లీగ్రాము మాత్రమే. చిటికెడు ఉప్పులో ఎన్నో వందవ వంతుకు సరితూగే ఆ పదార్థం నోటి నుండి కడుపులోకి, కడుపు నుండి చిన్నప్రేగులోకి, ప్రేగు గోడలను దాటి నెత్తురులోకి, నెత్తురు వెంట ఎముకల లోపలి మూలుగలోకి ప్రయాణం చేస్తుంది. అక్కడికి చేరినప్పుడే కొత్త రక్తకణాలు పుడతాయి. దారిలో ఎక్కడ ఆగిపోయినా మాత్ర మింగిన ఫలం దక్కదు. ఆ పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేసే మార్గం కనుగొన్న పరిశోధక బృందానికి నాయకత్వం వహించినవారు ఒక తెలుగువారు. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. మాత్ర ఇచ్చే చేతికీ, పుచ్చుకొనే చేతికీ కూడ ఆ పేరు తెలియకపోవడం ఆశ్చర్యం కాదు. తన పేరు నలుగురికీ తెలియాలన్న తాపత్రయం ఆయనకు ఏనాడూ లేదు.

సుబ్బారావు 1895వ సంవత్సరం జనవరి 12వ తేదీన నేటి పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వల్ల ఆయన ఉద్యోగం ముందే మానుకోవలసి రావడంతో పెద్ద సంసారం ఇబ్బందులలో పడింది. సుబ్బారావుకు చదువు మీద మొదట ఆసక్తి లేదు. పదమూడేళ్ల వయసులో, కాశీకి వెళ్లి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించవచ్చునన్న ఆలోచనతో ఇల్లు విడిచి బయలుదేరారు. ఇంటివారు వెదకి వెనక్కి తెచ్చారు. తండ్రి గతించిన తరువాత తల్లి తన నగలు అమ్మి కొడుకును చదివించింది. ఆమె పట్టుదల గట్టిది. కొడుకు తెలివితేటలు మాత్రం అప్పటికింకా బయటపడలేదు. రాజమండ్రిలో మొదలైన చదువు మద్రాసు హిందూ హైస్కూలులో ముగిసింది. మెట్రిక్యులేషన్ పరీక్షలో ఆయన మూడవ ప్రయత్నంలో గాని ఉత్తీర్ణులు కాలేదు.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివే రోజులలో ఆయన మనసు రామకృష్ణ మఠం వైపు మళ్లింది. సన్యాసం స్వీకరించి సేవ చేయాలన్నది కోరిక. తల్లి అంగీకరించలేదు. సేవ చేయదలచినవానికి వైద్యవిద్య మంచి మార్గమని మఠంలోని పెద్దలు హితవు చెప్పారు. అలా ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. చదువుకు డబ్బు లేదు. కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు సహాయం చేశారు. 1919లో ఆయన కుమార్తె శేషగిరితో సుబ్బారావుకు వివాహం జరిగింది.

అది గాంధీజీ విదేశీ వస్తు బహిష్కరణకు పిలుపునిచ్చిన కాలం. సుబ్బారావు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు దుస్తులతో వెళ్లడం మొదలుపెట్టారు. ఆ శాఖాచార్యుడైన బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది నచ్చలేదు. వ్రాత పరీక్షలలో బాగా రాణించినా చివరకు సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించింది. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం దొరకలేదు. ఒక నూలు చొక్కాకు ఆయన చెల్లించిన మూల్యం చాలాకాలం వెంటాడింది. సముద్రాలు దాటి వెళ్లిన తరువాత కూడ ఆ తక్కువ పట్టాయే ఆయనకు అడ్డు నిలిచింది.

ఇంతకంటె పెద్ద దెబ్బ ఇంట్లోనే తగిలింది. ఆయన సోదరులు ఇద్దరు ఎనిమిది రోజుల వ్యవధిలో స్ప్రూ అనే వ్యాధితో మరణించారు. మన వైద్యులు సంగ్రహణి అని పిలిచే వ్యాధికి ఇది దగ్గరిది. ఈ రోగి ఆకలితో చనిపోడు. అన్నం తింటూనే చనిపోతాడు. ఆరోగ్యవంతుని చిన్నప్రేగు లోపలి గోడ మీద మఖమలు గుడ్డ నూగువలె సన్నని మొలకలు కోటానుకోట్లు ఉంటాయి. ఆహారంలోని సారాన్ని పీల్చి నెత్తురులోకి పంపేవి అవే. స్ప్రూ సోకినవారిలో ఆ మొలకలు చదునై పోతాయి. నాలుక పుండుపడుతుంది, విరేచనాలు ఆగవు, నెత్తురు పలచబడుతుంది. పళ్లెంలో అన్నీ ఉన్నా శరీరంలోకి ఏదీ చేరదు. సుబ్బారావుకు కూడ ఆ వ్యాధి సోకింది. ఆయుర్వేద పండితులూ వైద్యులూ అయిన ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో ఆయన బయటపడ్డారు. తరువాత లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణశాస్త్రం బోధించారు. సోదరులను పొట్టన పెట్టుకొన్న వ్యాధికి ఆనాటి పాశ్చాత్య వైద్యం వద్ద మందు లేదు. ఆ మందు ఏదో, అది ఎక్కడ ఉందో తెలుసుకోవాలన్న తపన ఆయనలో ఆనాడే నాటుకొంది.

కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ వారి సహాయం, మామగారు పోగుచేసిన సొమ్ము తోడుకాగా, 1920ల తొలి సంవత్సరాలలో ఆయన అమెరికా ప్రయాణమయ్యారు. ఉష్ణమండల వ్యాధుల చికిత్సలో శిక్షణ పొందడానికి బోస్టన్ నగరంలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో చేరారు. భార్య అప్పటికి గర్భవతి. కొద్ది సంవత్సరాలలో తిరిగి వస్తానన్న మాట మీద ఆమె ఇక్కడే ఉండిపోయింది. తరువాత పుట్టిన కొడుకు పసితనంలోనే మరణించాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. ఆ తరువాత భార్యను కూడ చూడలేదు.

బోస్టన్‌లో చదువైతే ఉంది గాని తిండికి మార్గం లేదు. ఎల్.ఎం.ఎస్. పట్టా మీద అక్కడి ఆసుపత్రులలో వైద్యునిగా పని దొరకలేదు. అందువల్ల ఆయన పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రి కూలీగా కుదిరారు. రోగుల మలమూత్ర పాత్రలు కడగడం, మంచాల పక్కన శుభ్రం చేయడం ఆయన పని. పగలు తరగతి, రాత్రి ఆసుపత్రి వరండాలు. మద్రాసులో శరీర నిర్మాణశాస్త్రం బోధించిన ఆచార్యుడు చీపురు, బకెట్టు పట్టుకొని నడిచిన ఆ ఆసుపత్రి పేరు ఈ కథలో మళ్లీ వస్తుంది.

శిక్షణ ముగిసిన తరువాత ఆయన హార్వర్డులోనే జీవరసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్కే వద్ద చేరారు. రక్తంలోను, మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే సులభమైన పద్ధతి ఆనాటికి లేదు. ఇద్దరూ కలిసి 1925లో ఒక పద్ధతిని ప్రకటించారు. పరీక్షించవలసిన ద్రవంలో మాలిబ్డినం లవణాన్ని కలిపి, తగిన రసాయనాన్ని చేరిస్తే నీలిరంగు వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువగా ఉంటే నీలం అంత చిక్కబడుతుంది. రంగును బట్టి లెక్క కట్టవచ్చు. ఈ పద్ధతికి ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని పేరు. ప్రపంచమంతటా జీవరసాయన విద్యార్థులు కొన్ని తరాలపాటు దీనిని నేర్చుకొన్నారు.

ఆ నీలిరంగును పట్టుకొని వారు కండరాల లోపలికి ప్రవేశించారు. కండరం పనిచేసేటప్పుడు శక్తి చక్కెర పదార్థం లాక్టిక్ ఆమ్లంగా మారడం వల్లనే కలుగుతుందని ఆనాటి శాస్త్రజ్ఞుల నమ్మకం. ఆ సిద్ధాంతానికి కారకులైన శాస్త్రజ్ఞులకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి కూడ లభించింది. ఫిస్కే, సుబ్బారావులు 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే భాస్వర సమ్మేళనాన్ని కనుగొన్నారు. కండరం అలసినప్పుడు అది తరిగిపోతుంది, విశ్రాంతి దొరికితే మళ్లీ పోగవుతుంది. 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, అనగా ఏ.టి.పి.ని వేరుచేశారు. అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడ దానినే కనుగొన్నారు. జీవులన్నింటిలోను కణాలు శక్తిని ఖర్చుచేసేది ఈ పదార్థం రూపంలోనే అని తరువాతి పరిశోధనలు తేల్చాయి. నేడు పదవ తరగతి విద్యార్థికి కూడ తెలిసిన ఈ పేరు వెనుక ఒక భీమవరం వాసి ఉన్నాడన్న సంగతి పాఠాలలో అరుదుగా కనబడుతుంది.

1930లో ఆయనకు హార్వర్డు డాక్టరేటు లభించింది. ఇంతటి పని చేసినా విశ్వవిద్యాలయం ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి ఇవ్వలేదు. మరో పదేళ్లు చిన్న హోదాలోనే పనిచేశారు. ఆ కాలంలో ఆయన దృష్టి కాలేయం మీద నిలిచింది. తీవ్రమైన ఒక రకం రక్తహీనతకు పశువుల కాలేయం తినిపిస్తే నయమవుతుందని బోస్టన్ వైద్యులు మైనాట్, మర్ఫీలు 1926లోనే చూపారు. అయితే కాలేయంలో ఆ పని చేసే పదార్థం ఏది? దానిని వేరుచేయగలిగితే స్ప్రూ రహస్యం కూడ తెలియవచ్చునని సుబ్బారావు ఆశించారు. 1940లో ఆయన హార్వర్డును విడిచి న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊరిలో ఉన్న లెడర్లీ ఔషధ సంస్థలో చేరారు. అనతికాలంలోనే అక్కడి పరిశోధనలన్నింటికీ సంచాలకులయ్యారు. మిగిలిన ఎనిమిదేళ్ల జీవితం అక్కడే గడిచింది. ఆ ఎనిమిదేళ్ల పని ఒక్కొక్కటి ఒక్కొక్క జీవితానికి సరిపోతుంది.

ముందు ఫోలిక్ ఆమ్లం. 1930 ప్రాంతంలో బొంబాయి మిల్లు కార్మిక స్త్రీలలో గర్భవతులకు వచ్చే రక్తహీనతను లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు పరిశీలించి, ఈస్టు సారం పెడితే అది తగ్గుతోందని గమనించింది. ఆ సారంలోని పదార్థాన్ని 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నుండి రవ్వంత వేరుచేసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. టన్నుల కొద్దీ ఆకుకూర నుండి రవ్వంత తీస్తే రోగులకు ఏ మూలకు చాలుతుంది? దానిని రసాయన శాలలో తయారుచేయాలి. సుబ్బారావు బృందం 1945లో ఆ కార్యం సాధించింది. కాలేయంలో ఆయన మొదట వెదకిన పదార్థం నిజానికి ఇది కాదు. అది బి-12 విటమిన్ అని 1948లో ఇతరులు తేల్చారు. కాని ఫోలిక్ ఆమ్లం గర్భిణుల రక్తహీనతకు, స్ప్రూ రోగులకు అద్భుతంగా పనిచేసింది. పుండుపడిన నాలుకలు మానాయి, నెత్తురు పుంజుకొంది. సోదరులు మరణించిన పాతికేళ్లకు పైబడిన తరువాత వారి వ్యాధికి మందు దొరికింది.

రెండవది బోదకాలు మందు. రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులలో పోరాడిన సైనికులకు ఈ వ్యాధి సోకడంతో అమెరికాలో దీనిపై శ్రద్ధ పెరిగింది. సుబ్బారావుకు మాత్రం అది పొరుగు దేశపు వ్యాధి కాదు. ఏనుగు కాళ్లవలె వాచిన పాదాలతో నడిచే మనుషులను గోదావరి జిల్లాలలో పుట్టినవారెవరైనా చూసే ఉంటారు. దోమకాటుతో ప్రవేశించిన పురుగులు రసనాళాలలో కాపురం పెట్టి, వాటి పిల్లలు రాత్రివేళ నెత్తురులో తిరుగుతాయి. ఆంటిమొని వంటి విషలోహాలను సూదితో ఎక్కించడం ఆనాటి ప్రయత్నాలలో ఒకటి. లెడర్లీ బృందం 1947లో డైఇథైల్ కార్బమజీన్ అనే మందును ప్రకటించింది. హెట్రజాన్ అన్న పేరుతో అది విపణిలోకి వచ్చింది. దీని గొప్పతనం నోటితో మింగగలగడం. సూది వేయడానికి వైద్యుడు కావాలి. మాత్ర ఇవ్వడానికి ఊరి ఆరోగ్య కార్యకర్త చాలు. తరువాతి కాలంలో చైనాలో దీనిని వంట ఉప్పులో కలిపి లక్షలాది కుటుంబాలకు చేర్చారు. మన దేశంలో 2004 నుండి బోదకాలు ఉన్న జిల్లాలలో ఏటా ఇంటింటికీ పంచిన మాత్ర ఇదే.

మూడవది ఆరియోమైసిన్. ఆనాటికి పెన్సిలిన్ వచ్చింది గాని కడుపులోని ఆమ్లం దానిని పాడుచేస్తుంది కనుక సాధారణంగా సూది మందుగానే ఇవ్వవలసి వచ్చేది. స్ట్రెప్టోమైసిన్‌దీ అదే పద్ధతి. సుబ్బారావు, డెబ్బై ఏళ్లు దాటి ఆచార్య పదవి నుండి విరమించిన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుని లెడర్లీకి రప్పించి, మట్టిలోని సూక్ష్మజీవులను వెదకే పని అప్పగించారు. ఆ వయసువానికి అంత పని ఎందుకని అడిగేవారు ఉండకపోరు. దేశం నలుమూలల నుండి తెప్పించిన వేలాది మట్టి నమూనాలలో మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలం నుండి వచ్చిన ఒకదానిలో బంగారు వన్నె సూక్ష్మజీవి దొరికింది. అది స్రవించే పదార్థమే ఆరియోమైసిన్. అది కడుపులో చెడకుండా నెత్తురులోకి చేరుతుంది. పెన్సిలిన్‌కు లొంగని కొన్ని జ్వరాలను కూడ లొంగదీస్తుంది. టెట్రాసైక్లిన్ల వంశానికి ఇది మూలపురుషుడు. నేడు మందుల దుకాణాలలో దొరికే డాక్సీసైక్లిన్ ఆ వంశంలోనిదే. 1948 జూలైలో దీనిని లోకానికి ప్రకటించారు. తొలి పత్రం డగ్గర్ ఒక్కని పేరనే వెలువడింది. ఫోలిక్ ఆమ్లం పత్రంలో సైతం పలువురి పేర్ల నడుమ ఒకటిగా మాత్రమే సుబ్బారావు పేరు కనబడుతుంది.

ఈ మూడింటికంటె విచిత్రమైనది నాల్గవది. బోస్టన్ బాలల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు చికిత్స వెదకుతున్నాడు. ఆ కాలంలో ఆ వ్యాధి సోకిన బిడ్డ కొన్ని నెలలకు మించి బ్రతకడం అరుదు. ఫోలిక్ ఆమ్ల సంబంధమైన పదార్థాలు ఇచ్చి చూడగా వ్యాధి తగ్గకపోగా మరింత విజృంభించినట్లు ఆయనకు కనిపించింది. మంచి రక్తకణం పెరగడానికి కావలసిన పదార్థమే చెడ్డ కణానికీ మేత అన్నమాట. అలాగయితే దానిని అందకుండా చేయాలి. ఎలా? సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లపు అణువులో ఒక చిన్న భాగాన్ని మార్చి దాని పోలికలతోనే మరొక పదార్థాన్ని తయారుచేసింది. దాని పేరు అమినోప్టెరిన్. కణం దానిని తనకు కావలసిన విటమిన్ అనుకొని తలుపు తెరచి లోపలికి రానిస్తుంది. లోపలికి వచ్చిన తరువాత అది కణంలోని ఎంజైమును పట్టుకొని వదలదు. కణం విభజన చెందలేక ఆగిపోతుంది. ఫార్బర్ పదహారు మంది పిల్లలకు దీనిని ఇవ్వగా పదిమందిలో మెరుగుదల కనిపించింది. లేవలేని పిల్లలు లేచి తిరిగారు. 1948 జూన్‌లో ఆ ఫలితాలు ప్రచురితమయ్యాయి. ఆ మేలు తాత్కాలికమే. కొన్ని నెలలలో వ్యాధి తిరగబెట్టింది. అయినా ఆ క్యాన్సర్‌ను మందుతో వెనక్కి నెట్టవచ్చునని లోకానికి తొలిసారి తెలిసింది. అమినోప్టెరిన్‌కు తమ్ముని వంటిదైన మెథోట్రెక్సేట్ కూడ లెడర్లీలోనే పుట్టింది. నేటికీ రక్త క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి వైద్యులు వాడుతున్నది అదే.

పెర్ల్ రివర్‌లో సుబ్బారావు జీవితం ఆడంబరం లేనిది. ఆసియావాసులకు పౌరసత్వం నిషేధించిన చట్టం 1946లో భారతీయుల విషయంలో సడలినా ఆయన అమెరికా పౌరసత్వం పుచ్చుకోలేదు. ఇరవై ఏళ్లకు పైగా ఆ దేశంలో పరదేశిగానే ఉన్నారు. 1948 ఆగస్టులో, ఆరియోమైసిన్ ప్రకటన వెలువడిన కొద్దివారాలకే, యాభై మూడేళ్ల వయసులో హృదయాఘాతంతో మరణించారు. శేషగిరమ్మ ఎదురుచూపు అలా ముగిసింది. 1953లో ఒక కొత్త శిలీంధ్రానికి శాస్త్రజ్ఞులు సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. 1995లో శతజయంతి సందర్భంగా భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ల విడుదల చేసింది.

ఆయన మరణించేనాటికి ఒక చిక్కు అలాగే మిగిలిపోయింది. ఆయన మందులు క్యాన్సర్ కణాలను చంపగలవు. కాని వాటి దగ్గరకు మాత్రమే వెళ్లవు. మాత్రగా మింగినా, నరం ద్వారా ఎక్కించినా మెథోట్రెక్సేట్ ఒళ్లంతా తిరుగుతుంది. వేగంగా పెరిగే ప్రతి కణం లోపలికీ దూరుతుంది. అందుకే ఆ రోగుల నోరు పూస్తుంది, మూలుగ దెబ్బతింటుంది. మరొక చోటికి, అంటే మెదడుకు, అది సరిగా చేరనే చేరదు. మెదడులోని రక్తనాళాల గోడలు రక్తంలోని పదార్థాలను వడగట్టి, చాలావాటిని బయటనే ఆపుతాయి. పిల్లల నెత్తురులో వ్యాధి తగ్గినా, మెదడు పొరలలో దాగిన కణాలు కొంతకాలానికి మళ్లీ తలయెత్తేవి. చివరకు వైద్యులు వెన్నెముకలో సూది గుచ్చి మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకే మందును పంపవలసి వచ్చింది. పసిబిడ్డకు అది ఎంతటి యాతనో చెప్పనక్కరలేదు. మందు కనుగొనడం ఒక విద్య, దానిని చేరవలసిన చోటికి చేర్చడం మరొక విద్య అని వైద్యలోకం ఇలా కష్టపడి నేర్చుకొంది.

ఆ రెండవ విద్యకు బీజం పడింది కూడ ఫార్బర్ పనిచేసిన బోస్టన్ బాలల ఆసుపత్రిలోనే కావడం ఆసక్తికరం. 1970లలో అక్కడి శస్త్రవైద్యుడు జూడా ఫోక్‌మన్ వద్ద రాబర్ట్ లాంగర్ అనే యువ రసాయన ఇంజనీరు చేరాడు. పెద్ద అణువులను ప్లాస్టిక్ వంటి పదార్థంలో పొదిగి, అవి రోజుల తరబడి కొద్దికొద్దిగా బయటికి వచ్చేట్లు చేయవచ్చునని ఇద్దరూ 1976లో చూపారు. తరువాత లాంగర్ చార్లెస్ నది అవతలి ఒడ్డున ఉన్న మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో ఆచార్యుడయ్యాడు. కంప్యూటర్ల చిప్పులు చేసే పద్ధతితోనే మందుల చిప్పు చేయవచ్చునన్న ఆలోచన అక్కడ రూపుదిద్దుకొంది. 1999లో శాంటిని, సీమా, లాంగర్‌లు ప్రకటించిన చిప్పు తపాలా బిళ్ల కంటె చిన్నది. ఆ సిలికాన్ పలక మీద ముప్పై నాలుగు సన్నని గుంటలు తొలిచి, ఒక్కొక్కదానిలో సూది మొన మీద నిలిచేంత మందు నింపి, పైన బంగారు రేకు మూత వేశారు. ఆ రేకు మన మిఠాయిల మీద అతికించే వెండి రేకు వంటి పలుచనిది. ఏ గుంట మూతకు విద్యుత్తు తగిలిస్తే ఆ మూత ఉప్పునీటిలో కరిగిపోతుంది. లోపలి మందు బయటికి వస్తుంది. మిగిలిన గుంటలు తమ వంతు వచ్చేదాకా మూసుకొనే ఉంటాయి.

ఈ ఊహ మనిషి దేహంలోకి చేరడానికి మరో పన్నెండేళ్లు పట్టింది. ఎముకలు గుల్లబారే వ్యాధి ఉన్న ఎనిమిది మంది డెన్మార్కు స్త్రీల నడుము వద్ద చర్మం కింద ఇటువంటి చిప్పుతో కూడిన పరికరాన్ని అమర్చారు. మామూలుగా ప్రతిదినం సూది పొడుచుకోవలసిన మందును, బయటి నుండి రేడియో సంకేతం అందగానే ఆ పరికరం రోజుకు ఒక మోతాదు చొప్పున విడుదల చేసింది. 2012లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. సూదితో ఇచ్చినప్పటివలెనే మందు నెత్తురులోకి చేరినట్లు తేలింది. ఖరీదు మాట, పరికరం చుట్టూ దేహం కట్టే పొర మాట, మందు అయిపోయినప్పుడు మళ్లీ కోత పెట్టవలసిన మాట ఇంకా తేలవలసి ఉన్నది. ఊరూరా పంచే మాత్రకు అది నేటికీ సాటి రాదు.

క్యాన్సర్ విషయంలో ఈ పరికరాలు మరొక మలుపు తిరిగాయి. ఒక రోగి గడ్డకు ఏ మందు పనిచేస్తుందో ముందుగా తెలియక వైద్యులు ఒకదాని తరువాత ఒకటి ఇచ్చి చూడవలసి వస్తుంది. అంతవరకు రోగి దేహమే ప్రయోగశాల. ఆలివర్ జోనాస్, ఆయన సహచరులు బియ్యపు గింజ కంటె సన్నని కడ్డీ ఒకటి తయారుచేశారు. దాని ఒంటి మీద వరుసగా గుంటలు, గుంట గుంటకూ వేరు వేరు మందు. దానిని గడ్డలోనే గుచ్చితే ప్రతి మందూ తన పక్కనున్న కొద్దిపాటి కణజాలంలోకి మాత్రమే ఊరుతుంది, ఒళ్లంతా పాకదు. కడ్డీతో పాటు చుట్టూ ఉన్న కణజాలాన్ని తీసి చూస్తే ఏ మందు పక్కన కణాలు చనిపోయాయో తెలుస్తుంది. 2015లో ఎలుకలలో ఇది సాధ్యమని చూపారు. తరువాత మెదడులో గడ్డ ఉన్న ఆరుగురు రోగులలో, శస్త్రచికిత్స జరుగుతున్న సమయంలోనే, ఈ కడ్డీలను గడ్డలో రెండు మూడు గంటలపాటు ఉంచి, గడ్డతో పాటు తీసివేశారు. మెథోట్రెక్సేట్‌ను బయటనే ఆపిన గోడకు లోపలి వైపున, గడ్డ మధ్యలో, తొమ్మిది మందులు ఒకేసారి పరీక్షకు నిలిచాయి. ఆ ఫలితాలు 2023లో ప్రచురితమయ్యాయి.

ఆ శస్త్రచికిత్సలు జరిగిన బోస్టన్ ఆసుపత్రిని నేడు బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రి అంటారు. 1980లో మూడు ఆసుపత్రులను కలిపి దానిని ఏర్పాటు చేశారు. ఆ మూడింటిలో ఒకటి, భీమవరం నుండి వచ్చిన ఎల్.ఎం.ఎస్. వైద్యుడు ఒకప్పుడు రాత్రివేళ రోగుల పాత్రలు కడిగిన పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రి.